పందొమ్మిదో వాయి

హలో… ఆఁ, నానే వదినా, జగ్గమ్మని. ఇనబడతందా? …గోలగా ఉంటాది మరి, కొండబాబు బేకరీ కాడ ఉన్నాను. …ఆఁ, బొబ్బిలిలోనే. పొద్దున్న ఏడుకే వచ్చీసినాను. ఇప్పుడు పదకొండు దాటినాది.

నేదు, ఊరికే… గుంట బయల్దేరినాదా అని.

కౌముదే. మరెవురు?

…ఆఁ. సరే, తాపీగానే రానీ. తొందర నేదు. నాది పందొమ్మిదో నంబరు, ఇప్పుడు పద్నాలుగో వాయి పొయ్యిలో ఉన్నాది. క్రిస్మస్ మూడు రోజులే కదేటి, ఊరంతా ఇక్కడే ఉన్నాది. డబ్బాలు, సంచులు, పంచదార మూటలు… ఒకావిడ గుడ్ల అట్ట మీద కూకుండిపోయినాది. …అవునే! ముప్పై గుడ్లూ! దాని సీర సూడాలి నువ్వు. కొండబాబేమో, 'అమ్మా, ఇంక సీరకే పిండి కలిపీ' అంటన్నాడు.

నవ్వు, నవ్వు. నువ్వు నవ్వితే నాకు ధైర్నంగా ఉంటాది. ఇందాకట్నుంచీ ఆఁ, ఊఁ అంటన్నావు గానీ…

…బిస్కెట్ల పిండా? ఇంటి కాడే కలిపీసి తెచ్చినాను. ఐదు కిలోలు. మరి కొండబాబు ఐదు కిలోలకి తక్కువైతే పొయ్యిలో పెట్టడు కదా. నెయ్యి మా గేదెదే. రెండు నెల్లు కూడబెట్టినాను, మీ అన్నయ్యకి పప్పులోకి కూడా వెయ్యకండా. …డాల్డానా? నా మనవరాలికి డాల్డా పెడతానేటి?

…మీ అన్నయ్యా? తిట్టినాడు. తిట్టడా మరి? కల్లంలో ఈ రోజే మిషను పెట్టినారు. పది మంది కూలీలకి కూడు ఒండాలి. 'నూర్పుల పూట ఇల్లొగ్గీసి బిస్కెట్లేటే ముసిల్దానా' అన్నాడు. వడ్లు రేపు కూడా ఉంటాయి, మనవరాలు ఏడాదికి ఒక్క రోజు వస్తాది అన్నాను. …తువ్వాలు బుజానేసుకోని కల్లానికి పోయినాడు. 

మా ఇంటా వంటా నేవు కదేటి ఇవి. అరిసె తెలుసు, జంతిక తెలుసు. మా అనూరాధ మీ ఇంటి కోడలయినాకే కదా, ఈ బేకరీ ఎక్కడుందో నాను సూసినాను. తొలి ఏడు గుర్తుందా? సలిమిడిలాగ కలిపీసినాను. …ఇటికలే! నువ్వు పొత్రం పెట్టి కొట్టినావు. రాధ కడుపు పట్టుకోని నవ్వీసి నవ్వీసి, 'అమ్మా, ఈటితో చర్చికి పహరీ గోడ కట్టొచ్చే' అని—

…సరే. సరేలే. ఆ మాట ఎత్తనులే. నీకూ బాధే.

ఏటి సేస్తన్నాది గుంట? తల దువ్వుకుంటందా?

…వంటింట్లోనా.

…రేఖతోటా.

…కరెంటు పొయ్యి? ఎప్పుడు కొన్నారు? …అల్లుడు కొన్నాడా. మంచిదే. కొత్తగా వచ్చిన పిల్ల అడిగినాది, కొన్నాడు. కొనాలి మరి. రాధ కూడా అడిగినాది గానీ, అప్పుడు—

నేదు. ఏటీ అననేదు.

…ఏటవి? కుకీసా? అంటే బిస్కెట్లే కదే? …మరి అదే. ఫోన్లో సూసి సేస్తే పేరు మారిపోతాదేటి?

సరే, అవీ సేసుకోనీ, ఇవీ సేసుకోనీ. ఎవురొద్దన్నారు? ఒక గంట పంపు వదినా. ఎంత దూరం, సందు దాటితే బేకరీ. నాను వచ్చి తోలుకెల్తాను. గ్లాసు బోర్లించి నాలుగు ట్రేలు కోసీసి వచ్చీస్తాది. మిగతావి నాను కోసుకుంటాను. కొండబాబు దాని కోసం బల్ల కాడ కొస ఒగ్గి ఉంచినాడు. మరి ప్రతి ఏడూ అక్కడే కదా నిలబడతాది, పీట మీద.

…అర గంట.

…పోనీ, పిండి కొయ్యక్కర్నేదు. ఇలగొచ్చి అలగ ఎల్లిపోమను. నా కళ్ళతో ఓపాలి సూసీసి…

ఏటి నసుగుతావు?

అయితే నానే వస్తాను. వాయి దిగీసరికి రెండవుతాది. డబ్బా దాని సేతికిచ్చీసి, వచ్చిన కాళ్ళతో ఎల్లిపోతాను. లోపలికి రాను. కూకోను. మంచినీలు కూడా అడగను.

…ఎవురు? …రేఖ అమ్మా నాన్నా. ఎప్పుడు దిగినారు? …అన్నదమ్ములు కూడానా. 

వస్తారు మరి. పెళ్ళయినాక తొలి క్రిస్మస్ కదా ఆ పిల్లకి. ఇల్లు నిండుగా ఉంటాది. ఆలందరి మధ్య… సనిపోయిన కోడలి తల్లి గుమ్మం కాడ డబ్బా పట్టుకోని నిలబడితే బాగోదు. …నువ్వనక్కర్నేదు వదినా, నానే అంటన్నాను.

పోనీ డబ్బా ఒక్కటీ ఆటోవోడి సేత పంపుతాను. చర్చికెల్లే ముందు మీ వీధంతా పళ్ళేలు పంచుతారు కదా. మీ వీధోలు 'రాధ బిస్కెట్లు వచ్చినాయి' అంటారు ఇప్పటికీ. పోయినేడు కూడా అన్నారు, నా సెవులారా ఇన్నాను. మనిషి నేకపోయినా పేరు పళ్ళెంలో తిరుగుతాది అనుకున్నాను…

…రేఖవే పంచుతారా.

…రంగు కాయితాల్లో సుట్టీసి కట్టీసినాదా. ఎవురికి ఎన్నో పేర్లు కూడా రాసీసినాది.

…ఆఁ. పనిమంతురాలే.

మరి ఐదు కిలోలు నానేటి సేసుకోను వదినా? మీ అన్నయ్యకి సుగరు.

…నేదే. కోపం నేదు. ఎవురి మీద కోపం? ఆ పిల్ల ఏటి సేసినాది? ఒకళ్ళ పిల్లని తన పిల్లలాగ సూసుకుంటంది. ఈ మూడేళ్ళూ గుంటకి తల నువ్వు దువ్వినావు, ఇప్పుడు ఆవిడ దువ్వుతంది. …అల్లుడా? ముప్పై ఎనిమిదేళ్ళోడు. ఎన్నాళ్ళుంటాడు అలగ? నానే కదేటి సేసుకోమన్నాను. మీ ఇంట్లో కూకోని, ఈ నోటితోనే. అప్పుడు పెద్దమనిషిలాగ సెప్పీసినాను.

ఐదు రోజుల జ్వరం వదినా. ఐదు రోజులు. ఇరవై మూడేళ్ళు పెంచి మీకిచ్చినాను. మీరు తొమ్మిదేళ్ళు సూసుకున్నారు. ఐదు రోజుల్లో ఎల్లిపోయినాది. బస్సెక్కినోలు కూడా సెయ్యి ఊపుతారు.

…ఆఁ. ఏడవట్నేదు. ఇక్కడ పొయ్యి సెగ, కళ్ళు మండుతన్నాయి.

ఒక్కటి సెప్పు వదినా. నువ్వు ఇందాకట్నుంచీ సుట్టూ తిప్పుతన్నావు. రావొద్దని ఎవురన్నారు? అల్లుడన్నాడా? …కాదు. రేఖా? …కాదా? 'ఎల్లమ్మా, అమ్మమ్మ సూస్తంటాది' అన్నాదా? ఆ పిల్లే అన్నాదా?

…మరి?

…

వదినా.

…గుంటే రానన్నాదా?

…

ఏడవకు. నువ్వేడిస్తే ఆలంతా బయటికొస్తారు. సెప్పు. నాను బాగానే ఉన్నాను, గోడకి ఆనుకున్నాను. సెప్పు.

…నీ మాట కాదు. అది ఎలగన్నాదో అలగే సెప్పు.

…'అక్కడికెల్తే అమ్మమ్మ ఏడుస్తాది.'

…ఆఁ.

…'నా సెయ్యి గట్టిగా పట్టుకుంటాది. అందరూ సూస్తారు.' …ఆఁ. ఇంకా?

…'ఆ బిస్కెట్లు తింటే నాకు భయమేస్తాది.'

…

పదేళ్ళ గుంట.

ఇంటన్నాను. ఇక్కడే ఉన్నాను.

నిజమే వదినా. ఏడ్సినాను. పోయినేడు ఏడ్సినాను, ఆ ముందేడూ ఏడ్సినాను. పిండి కోస్తన్నంతసేపూ, మీ అమ్మ ఇలగే కోసేది, మీ అమ్మ ఏలు ఇలగే ఉండేది, మీ అమ్మ ఈ బల్ల కాడే నిలబడేది… అదేమో గ్లాసు పట్టుకోని బిక్కసచ్చిపోయి నిలబడినాది. ఇంటికి తోలుకొస్తే కూడు తిననేదని నువ్వే సెప్పినావు. దిష్టి తగిలినాదేమో తియ్యమన్నాను నాను.

నాకు అది కనబడనేదు వదినా. నాకు రాధే కనబడినాది.

దానికి పండగ సేస్తన్నాను అనుకున్నాను. దాని సేత తల్లికి తద్దినం పెట్టించినాను, రెండేళ్ళూ.

…నేదు, నువ్వు నన్ను ఓదార్చకు. ఓదారిస్తే నాను నమ్మీస్తాను.

…ఆఁ? నీతో కాదు వదినా, కొండబాబు. ముందు నంబర్లోల పిండి ఇంకా రానేదంట, పందొమ్మిది పిలుస్తన్నాడు.

బాబూ, ఆ వెనకాలావిడ్ది పెట్టీ. …పెట్టీ బాబూ. …గట్టిపడిపోతే పడిపోనీ.

వదినా… గుంటకి ఓపాలి ఫోనివ్వు. …ఏడవను. రాధ మీద ఒట్టు— కాదు, దాని మీద వొద్దు. నా మీద ఒట్టు. రమ్మని కూడా అడగను. …దానికి మనసులో ఉండిపోతాది వదినా, అమ్మమ్మని రానన్నాను అని. పండగ పూట అది మోసుకోని తిరుగుతాది. నాకు తెల్సు, దానికి రాధ మనసే.

…ఆగు, ఆగు. ముక్కు సీదుకోనీ.

…గొంతు బాగుందా? …నిజం సెప్పు. …ఆఁ. ఇవ్వు.

…

ఎవురది? …కౌముదమ్మా! నానే తల్లీ, అమ్మమ్మని. …బాగున్నాను. నువ్వో? …పిండి సేతుల్తో ఫోను పట్టుకున్నావా? మీ నాన్నమ్మ తంతాది సూడు.

…నానా? ఇంటి కాడే ఉన్నానమ్మా. మన ఊర్లోనే. …నేదు, నేదు. బేకరీకి పోనేదు. ఈ ఏడు పోనేదు. కల్లంలో మిషను పెట్టినారు కదా, పది మందికి కూడు ఒండాలి. ఊపిరాడట్నేదు నాకు.

…పిండా? కలపనే నేదు. ఎక్కడ కుదిరినాది?

…నువ్వు వస్తానంటే నానేటి సెప్పాలా అని సూస్తన్నాను ఇందాకట్నుంచీ. అందుకే ఫోను సేసినాను. గుంట బయల్దేరిపోతాదేమో, రావొద్దని సెప్పాల అని.

…అవునే, నిజంగానే.

…ఆ అరుపా? టీవీ. మీ తాత పెట్టినాడు. …కల్లంలోనే ఉన్నాడు. పెట్టీసి పోయినాడు, మతిమరుపు మనిషి. …ష్, బాబూ… నీతో కాదమ్మా. పిల్లితో.

…ఎందుకేడుస్తాను? …నవ్వుతన్నాను. ఇనబడట్నేదా? …ఇదిగో.

…రాత్రి నిద్దర పట్టనేదా నీకు? దీనికా? పిచ్చి తల్లి. నువ్వు రాకపోతే నాకు బాధేటి? నానే పోనేదు కదా. నువ్వొచ్చి ఆ కొండబాబు మొకం సూస్తావేటి?

…ఆఁ, నవ్వినావు. అలగుండాల.

ఏటేటి సేసినారు సెప్పు. …సుక్కలా. …గంటలు కూడానా! సెట్టు కూడానా! మీద పూసలా? వెండి పూసలు తినొచ్చేటి? పళ్ళూడిపోవు? …ఓహో, కరిగిపోతాయా. నాకు తెల్దు మరి. …ఎవురు నేర్పినారు?

…

…ఏటి, ఆగిపోయినావు?

…అనీ. ఎందుకు తప్పు? తప్పు నేదు. అమ్మా అనే పిలు. …నాకేటి కోపం? నీకు తల దువ్వుతాది, బడికి పంపుతాది, సుక్కలు సెయ్యడం నేర్పుతంది. అమ్మని అమ్మనక ఏటంటావు?

…దేవుడి కాడున్న అమ్మా? …ఆవిడ ఏటీ అనుకోదమ్మా. ఆవిడ కూడా నాలాగే. నువ్వు కడుపు నిండా తింటే సాలు ఆవిడకి.

…ఒట్టు.

…నాక్కూడా ఉంచినావా? ఎన్ని? …రెండు సుక్కలు. సాలు. దాచకు, మెత్తబడిపోతాయి. నువ్వే తినీ నా పేరు సెప్పుకోని. …వొద్దు, నా పేరు కూడా వొద్దు. ఊరికే తిను.

ఏటది కూత? …పొయ్యా? అయిపోతే కూస్తాదా! మరి పో. పో తల్లీ, మాడిపోతాయి. 

…వచ్చే ఏడా? …వచ్చే ఏడు సూద్దాంలే. …పరిగెట్టకు. నువ్వు ముట్టుకోకు, సెయ్యి కాల్తాది. మీ అమ్మని తియ్యమను.

…ఆఁ. మీ అమ్మనే.

…ఇంకా ఉన్నావా? నాను పెడతానని సూస్తన్నావా? …నాను పెట్టను. నాకు సేత కాదమ్మా, నువ్వే కట్ సెయ్యి.

…అదే. ఆ ఎర్రది.

నొక్కీ తల్లీ.