దయ్యానికి చెప్పిన మాట

నిరుడే రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఒక్కో మాట రాయడానికి నాకు చాలాసేపు పడుతుంది. ఇది 1974లో ఆళ్లగడ్డలో, మా ఆయన ఏలీయా పోయిన ఏడాదిలోపే, మా అత్త సలోమికీ నాకూ జరిగిన సంభాషణ.

“నిన్న డేరా సినిమాకు పోయినావంట.”

“పోయినా అత్తా.”

“నవ్వినావంట.”

“అందరూ నవ్విరి.”

“అందరి మొగుళ్లూ సచ్చిపోయినారా? మీ అన్న సామ్యేలుకు చెప్పి పంపినా. మధ్యాన్నం బస్సుకొచ్చి నిన్ను చాగలమర్రికి, మీ పుట్టింటికి తీస్కపోతాడు. ఇంగ ఆడే ఉండు.”

“నాకు ఈడే ఉండాలని ఉండాది అత్తా.”

“నిన్న చూసిన సినిమా ఏం బొమ్మది?”

“తెల్లోళ్ల పాత బొమ్మ. మాటలుండవు. దయ్యం బొమ్మ.”

“దయ్యాన్ని చూసి ఎవురన్నా నవ్వుతారా?”

“మంచి కుశాల దయ్యం అత్తా. సచ్చిపోయినోడు ఇంటికొస్తాడు. పెండ్లానికి అగపడడు. కుర్చీ దానంతటదే జరుగుతాది. రొట్టె గాల్లో పోతాది. అది చూసి పోలీసోని టోపీ నెత్తిమీంచి పైకి లేస్తాది.”

“సరే, నవ్వితే నవ్వితివి. అరిసినావంట గదా. పక్కింటి అనసూయమ్మ చెప్పె.”

“బొమ్మకు మాటల్లేవు గదా. చూసేటోళ్లే తలా ఒకరి మాట చెప్పాల. పోలీసోని మాట మద్దిలేటన్న చెప్పె. పెండ్లాం మాట చెప్పేదానికి ఎవురూ లేకపోయిరి.”

“నువ్వు చెప్తివి.”

“నోట్లోంచి వచ్చేసె.”

“ఏమని?”

“అత్తా, పొయ్యి మీద పాలు...”

“పాలు నేను చూస్తాండా. ఏమంటివి?”

“‘కాళ్లు కడుక్కోని లోపలికి రా’ అంటి.”

“దయ్యానికా?”

“ఆయనకు రోజూ అదే చెప్తాంటి. మడికాడ నుంచి బురదకాళ్లతోనే వస్తాండె.”

“నాకు తెలీదా? చిన్నప్పట్నుంచీ అంతే. మరి ఆ దయ్యం కడుక్కున్యాడా?”

“యాడ? నేరుగా వచ్చి కుర్చీలో కూకున్యాడు.”

“కూకుంటాడు.”

“డేరా అంతా నవ్వె. నేనూ నవ్వితి.”

“ఆ పెండ్లాం ఏం చేసె?”

“ఆయమ్మకు అగపడకపాయె. అయినా మొగుడు తినే తట్టలో ఇంకో రొట్టె ఏసె.”

“ఈ పొద్దు గూడా ఆడతాదా?”

“ఆడతాది.”

“ఆ దయ్యానికి అమ్మ ఉండాదా బొమ్మలో?”

“ఉండాది. మూలన కూకోని ఏందో అంటాంటాది. ఆయమ్మ మాట ఎవురూ చెప్పల్యా.”

“మీ అన్న వస్తే అన్నం పెట్టి ఒక్కన్నే పంపీ. రేత్రికి డేరాలో ఆయమ్మ మాట నేను చెప్తా.”

లూదియా, యాభై రెండేళ్లు. ఇప్పుడు నంద్యాలలో ఉంటున్నాను.