ఆకాశ మనిషి వేషం కట్టిన ఎల్లాజీ

నా పేరు సూరాడ దాలమ్మ. వయస్సు ముప్పైకి అటూ ఇటూ ఉంటుంది, సరిగ్గా తెలియదు. చనిపోయిన సూరాడ ఎల్లాజీ నా భర్త. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్ముకుంటాను. శ్రీకూర్మానికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న ఇసుకపేటలో మా అత్త తాతమ్మతో కలిసి ఉంటాను. చదువు రాదు. మేజిస్ట్రేటు గారు అడిగినవాటికి తెలిసినంత మట్టుకు చెబుతున్నాను. గుమస్తా గారు రాసుకుంటున్నారు.

ఈ సంవత్సరం, అంటే 1968లో, డోలోత్సవానికి జనం వస్తారని శ్రీకూర్మం బయట జీడితోట పక్కన డేరా సినిమా వేశారు. డేరా యజమాని జగన్నాధం గారు. ఆయనది విజయనగరం. వేసింది ఇంగ్లీషు బొమ్మ. ఆ మాటలు ఎవరికీ అర్థం కావు కాబట్టి నరసింగరావు గారనే ఆయన తెర పక్కన కూర్చుని మైకులో కథ తెలుగులో చెబుతారు. ఆయన గొంతు మంచి గొంతు. గాలి ఇటు తిరిగితే మా పేట దాకా వినబడుతుంది.

బొమ్మ కథ నా భర్త చెప్పగా విన్నాను. ఆకాశంలో వేరే లోకం ఒకటి ఉంది. అక్కడి సూర్యుడు చల్లారిపోయి మంచు కురుస్తుంది. ఆ లోకంలో మిగిలిన ఒక్క మనిషి ఎగిరి మన భూమి మీదికి వస్తాడు. వెండి బట్టలు వేసుకుంటాడు, వీపున నీలం గుడ్డ ఉంటుంది. ఇక్కడివాళ్లు అతన్ని తుపాకులతో కాలుస్తారు. అతనికి ఏమీ కాదు, కోపం కూడా రాదు. ఒక రోజు తుఫానులో ఓడ మునిగిపోతుంటే అతనే వచ్చి లేపుతాడు. నా భర్త ఆ బొమ్మను వేసిన ప్రతిసారీ చూశాడు. అతని అన్న ఎర్రన్న నిరుటి తుఫానులో నావతో సహా పోయాడు. శవం దొరకలేదు.

"ఒలే, ఆడు నీటిలోకి దిగి అంత ఓడనీ రెండు సేతుల్తో పైకెత్తీసినాడే. లోపలున్నోల్లు ఒక్కలూ సావనేదు," అని ఇంటికొచ్చి చెప్పాడు.

"ఉత్తుత్తి బొమ్మే కదా మావా," అన్నాను.

"బొమ్మే. అయితే ఏటి? ఎత్తినాడు కదా," అన్నాడు.

డోలోత్సవం అయిపోయాక జనం పలచబడ్డారు. అప్పుడు జగన్నాధం గారు నా భర్తను పిలిచారు. రోజూ ముందు వరసలో కూర్చునేవాడు కాబట్టి ముఖం గుర్తు. "ఒరే ఎల్లాజీ, నీ పొడుగు, నీ ఛాతీ అచ్చం బొమ్మలో మనిషి లాగే ఉన్నాయి. ఆ వేషం కట్టు. ఇక్కడ జనానికి నచ్చితే నాతోనే ఉండిపో, అన్ని మకాములకీ తీసుకెళ్తాను," అన్నారు. నా భర్త ఇంటికొచ్చి అడిగాడు. మా అత్త వద్దనలేదు. "ఒకడ్ని గంగమ్మ తీసుకుపోయినాది. నువ్వు నేల మీద పని సూసుకోరా బాబూ," అంది. నేనూ సంతోషించాను. నేల మీద పని అనే సంతోషించాను.

కొన్నాళ్లు పోస్టర్ల బండి మీద నిలబడి వేషంతో ఊళ్లు తిరిగాడు. చేతులకూ ముఖానికీ వెండి రంగు పూసేవారు. వేషం కట్టిన రోజు నీచు ముట్టేవాడు కాదు. ఎవరూ చెప్పలేదు, అతనికే అలా తోచింది. "ఆడు సేపలు తిని ఎగరడు కదే," అనేవాడు.

తర్వాత తీగ మాట వచ్చింది. తోటలో తాటిచెట్టు ఉంది. దాని మీంచి డేరా ముందరి స్తంభానికి తీగ కట్టి, నడుముకు పటకా, పటకాకు తీగ మీద దొర్లే కప్పీ తగిలించి, ఆట మొదలయ్యే ముందు ఆకాశంలోంచి వస్తున్నట్టు జారి రావాలి. ఆ మాటలు జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను. గంపలో కవళ్ల చేపలు ఉన్నాయి, ఈగలు వాలుతున్నాయని గోనె కప్పాను.

నా భర్త తీగను చేత్తో పట్టుకుని చూశాడు. "బాబూ, ఇది సన్నంగా ఉన్నాది. మా నావ మోకు తెస్తాను," అన్నాడు.

"మోకు జనానికి కనబడిపోతుందిరా. కనబడితే ఇంక ఎగరడమేమిటి, వేలాడడమే కదా. అందుకే తీగకి నల్లరంగు వేయించాను," అని జగన్నాధం గారు అన్నారు.

"అదీ నిజమే," అని నా భర్త నవ్వాడు. ఆ మర్నాడు పొద్దున్న వేషం లేకుండా ఒకసారి జారి చూశాడు. తీగ నిలిచింది. నేను చూశాను, తీగ నిలిచింది.

అదే రోజు సాయంత్రం మా అత్తా నేనూ వెళ్లాం. పడమర ఇంకా ఎర్రగానే ఉంది. జనం బాగా వచ్చారు, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. మేము టికెట్లిచ్చే కిటికీ పక్కన నిలబడ్డాం. పాటలు ఆపేశారు. నరసింగరావు గారు మైకులో, "అదుగో, చల్లారిన లోకం నుంచి మన శ్రీకూర్మానికి విచ్చేస్తున్నాడు," అన్నారు. అందరూ తలలెత్తారు. తాటిచెట్టు మీంచి నా భర్త వచ్చాడు. చేతులు చాపి, బోర్లా, నీలం గుడ్డ గాలికి విప్పుకుని వచ్చాడు. తీగ కనబడలేదు. నాకు నా భర్తలా అనిపించలేదు. ఎవరో మనిషి ఎగిరి వస్తున్నట్టే ఉంది.

సగం దాటాక తీగ తెగింది. చప్పుడు పెద్దది కాదు. అతను కిటికీ ముందు బోర్లించి పెట్టిన బెంచీల మీద పడ్డాడు. జనం చప్పట్లు కొట్టారు. దిగడం అలాగే ఉంటుందనుకున్నారు. చాలాసేపు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. మా అత్త నా చెయ్యి పట్టుకుంటే ఆపాను.

పోస్టర్ల బండి సరుకుల కోసం పట్నం వెళ్లి ఉంది. మా పేట అసిరయ్య ఎడ్లబండి కడితే అందులో పడుకోబెట్టాం. పైకి నెత్తురు ఎక్కువ లేదు. కాళ్లు కదలలేదు. ఒక కాలి జోడు ఊడిపోయింది. అది వెతకమని మా అత్త అందరినీ అడుగుతూ ఉంది.

బండి కదిలేసరికి డేరాలో ఆట మొదలుపెట్టారు. జనం గొడవ పడకుండా మొదలుపెట్టమన్నారట. పొలాల మధ్యకు వచ్చాక కూడా నరసింగరావు గారి గొంతు వెనకాలే వచ్చింది. నా భర్త కళ్లు తెరిచే ఉన్నాడు.

"ఆట మొదలైనాదేటి?" అని అడిగాడు.

"మొదలైనాది మావా," అన్నాను.

కాసేపు విన్నాడు. "ఇప్పుడు మంచు పడే కాడికొచ్చినాది," అన్నాడు. తర్వాత, "సలేస్తన్నాదే," అన్నాడు. నీలం గుడ్డ కప్పాను. బండి ఇంకొంచెం ముందుకు వెళ్లేసరికి మైకు గొంతు వినబడడం మానేసింది. అతను మళ్లీ మాట్లాడలేదు. పట్నం ఆసుపత్రి గుమ్మంలో చూసి ప్రాణం లేదన్నారు.

మట్టి చేసే ముందు స్నానం చేయించాం. ఎంత రుద్దినా చేతుల వెండి రంగు పోలేదు. కిరసనాయిలు పెట్టి తుడిచాం. గోళ్ల దగ్గర అలాగే ఉండిపోయింది. మా అత్త చాలింక అంది. వేషం బట్టలు డేరా మనిషి వచ్చి తీసుకుపోయాడు.

అతను తాగి, ఎవరు వద్దన్నా వినకుండా ఎక్కాడని జగన్నాధం గారు పోలీసులకు చెప్పారని విన్నాను. మేజిస్ట్రేటు గారు తాగుతాడా అని అడిగారు. తాగుతాడు. పండగలకు తాగుతాడు, వేట బాగా పడిన రోజు తాగుతాడు. ఆ రోజు తాగలేదు. పొద్దుటి నుంచి గంజి తప్ప ఏమీ ముట్టలేదు. బండిలో అతని తల నా ఒడిలోనే ఉంది. వాసన వస్తే నాకు తెలిసేది.

పదో రోజు వెళ్లాక నరసింగరావు గారు మా ఇంటికి వచ్చారు. మంచం వేస్తే కూర్చోలేదు. మైకు లేకపోతే ఆయన గొంతు చిన్నది. "దాలమ్మా, తాగి ఎక్కాడని నువ్వు కూడా పోలీసులకు ఒక్క మాట చెప్పాలని జగన్నాధం గారు అంటున్నారు. లేకపోతే పోలీసులు డేరా ఎత్తించేస్తారు. మేమంతా దాని మీదే బతుకుతున్నాం," అన్నారు.

"మీరు సూసినారు కదా బాబూ. తాగున్నాడేటి?" అన్నాను.

"లేదు," అన్నారు. "నాతో మాట్లాడే ఎక్కాడు. కథలో ఓడ దగ్గర ఇంకొంచెం నిదానంగా చెప్పమన్నాడు."

"మరి నానేటి సెప్పాల?" అన్నాను. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయారు. నేను ఎవరి దగ్గరకూ వెళ్లలేదు. చేపలు అమ్ముకున్నాను. పోలీసులు మళ్లీ పిలవలేదు. పిలిచి అడిగి ఉంటే ఇక్కడి దాకా వచ్చేదాన్ని కాదేమో, నాకు తెలియదు.

నిన్న శుక్రవారం ఎండుచేపలు అమ్ముకుంటూ అరసవల్లి వైపు వెళ్లాను. శ్రీకూర్మంలో ఎత్తేసిన డేరా ఇప్పుడు అక్కడ వేశారు. రోడ్డు మీద పోస్టర్ల బండి ఆగి ఉంది. దాని మీద ఆకాశ మనిషి నిలబడి ఉన్నాడు. వెండి బట్టలు అవే. మోకాలి దగ్గర చిరిగిన చోట తెల్లదారంతో కుట్టారు. నేను బండి చుట్టూ తిరిగి ముఖం చూశాను. వేరే మనిషి. పేరు గంగులు, నెల్లిమర్ల వాడు. జనపనార మిల్లులో పని పోతే ఇందులో చేరాడట. టీ తాగడానికి దిగినప్పుడు మాట్లాడాను.

"తీగెక్కమన్నారేటి తమ్ముడా?" అన్నాను.

"ఆదివారం గుడికి జనం వస్తారు కదా అక్కా, ఆ రోజు ఎక్కమన్నారు," అన్నాడు.

"నీ ముందు ఎక్కినోడు ఏటైనాడో సెప్పినారా?"

"తాగెక్కి పడిపోయినాడని సెప్పినారు. నానైతే తాగను. నాకేటవుతాది?" అన్నాడు.

ఆ మనిషి నా పెనిమిటి అని, ఆ రోజు తాగలేదని, తీగే తెగిందని చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. డేరా దగ్గరకు వెళ్లి తీగ చూశాం. అప్పటికే కట్టేసి ఉంది. తెగిన చోట రెండు కొసలూ మెలితిప్పి కలిపి, మీద నల్లరంగు వేశారు. ఆ చోట స్తంభం వైపు కింద ఉంది కాబట్టి ఇద్దరికీ అందింది. అతను వేళ్లతో తడిమి చూసి నా వైపు తిరిగాడు.

"ఇది ఒగ్గేస్తే నాకు మరో పని నేదక్కా," అన్నాడు.

సాయంత్రం ఆట చూశాను. అంతవరకూ నేను ఆ బొమ్మ చూడలేదు. మేజిస్ట్రేటు గారు బొమ్మ మీద కూడా ఫిర్యాదు ఉందా అని అడిగారు. లేదు. బొమ్మ బాగుంది. మంచు పడడం బాగుంది. ఓడ దగ్గర నరసింగరావు గారు నిదానంగా చెప్పారు. ఒక్కరూ చావలేదు, నా భర్త చెప్పింది నిజమే. తర్వాత ఆ మనిషి ఒడ్డున ఒక్కడూ కూర్చుని నీలం గుడ్డ పిండుకుంటాడు. అది నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ చూడదగిన బొమ్మే. ఆడనివ్వండి. తీగ ఒక్కటి ఆపించండి.

రాత్రి సత్రం వరండాలో పడుకున్నాను. ఇవాళ పొద్దున్న గంగులు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో గోనెసంచి ఉంది.

"ఏటి తమ్ముడా?" అన్నాను.

"ఇప్పీసినాను," అన్నాడు. సంచి విప్పి చూపించాడు. మెలితిప్పిన ముక్కతో సహా తీగంతా చుట్టి తెచ్చాడు. "పద, ఎవులికి సెప్పాలో సెప్పీద్దాం," అన్నాడు.

అతను బయట వరండాలో కూర్చుని ఉన్నాడు. పోస్టర్ల బండి ఊరేగింపు కోసం వేషం కట్టుకున్నవాడు కట్టుకున్నట్టే వచ్చేశాడు. సొంత బట్టలు డేరాలో ఉండిపోయాయి, వాళ్లు ఇవ్వలేదు. అరసవల్లి నుంచి కోర్టు దాకా ఆ వెండి బట్టలతోనే నడిచాడు. దారిలో పిల్లలు వెంటబడ్డారు, ఇక్కడ కోర్టు జవాన్లు నవ్వుతున్నారు. మేజిస్ట్రేటు గారు అతన్ని లోపలికి పిలిచి, కూర్చోమని, అడగాలని కోరుతున్నాను. అతను బతికే ఉన్నాడు, చెబుతాడు.

గుమస్తా గారు ఇదంతా చదివి వినిపించగా విన్నాను. నా నోట వచ్చినట్టే ఉంది, కలిపిందీ లేదు, తీసేసిందీ లేదు. ఎవరికీ భయపడి గాని, ఎవరి దగ్గరా ఏదీ ఆశించి గాని చెప్పలేదు. జరిగింది ఇదే.

సూరాడ దాలమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర.
శ్రీకాకుళం, 1968 మే నెల, శనివారం.