మన గద్దన్న ఎప్పుడూ తాగలేదు

హలో, అందరికీ నమస్కారం, వినపడుతోందా? షెడ్డులో ఉన్నవాళ్లు మోత తగ్గాక వినండి, ఇంట్లో ఉన్నవాళ్లు ఇప్పుడే వినండి. ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మన గద్దన్నగారి గురించి నాలుగు మాటలు.

1991 జూన్ మూడో తేదీన ఆయన మన ఇనుప షెడ్డులో హెల్పరుగా చేరారు. గొలుసులు మోశారు, కొక్కేలకు గ్రీజు రాశారు, పెద్దవాళ్ల తిట్లు తిన్నారు. కొన్నేళ్లకు క్రేను క్యాబిన్ ఎక్కారు. అంత ఎత్తున కూర్చుని కిందున్న ప్రతి ఇనుప పలకనూ కనిపెట్టేవారు కాబట్టే ఆ పేరు స్థిరపడింది. కింద నిలబడి సైగలిచ్చే పని ఆయన బావమరిదిది. పైనుంచి ఒక హారను, దానికి జవాబుగా కిందనుంచి ఎత్తిన చెయ్యి, ఆ రెండూ కలిస్తేనే గొలుసు కదిలేది. ఇన్నేళ్ల సేవలో ఆయన క్రేను కింద ఒక్కరికీ గోరు కూడా ఊడలేదు.

రెండేళ్ల క్రితం ఆయనకు పాడు జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో ఎక్కించిన మందు ప్రాణం నిలిపింది గాని లోపలి చెవిని దెబ్బతీసింది. వినికిడి బాగానే ఉంది, నిలకడే పోయింది. తల తిప్పితే షెడ్డంతా తల వెంట ఊగేది. చీకట్లో అడుగు వేస్తే నేల అందేది కాదు. ఆయన నిచ్చెనను కావలించుకుని ఎక్కడం చూసి, తాగొచ్చారనుకుని, గద్దన్నకి పొద్దున్నే రెక్కలొచ్చాయిరా అని కుర్రాళ్లు నవ్వుకున్నారు.

ఆయన కాదనలేదు. మన షెడ్డు సంగతి మనకు తెలియంది కాదు. తాగొచ్చినవాణ్ణి ఒక పూట కూర్చోబెట్టి, నాలుగు తిట్టి, మర్నాడు పనిలోకి రానిస్తాం. డాక్టరు పనికిరాడని రాసినవాణ్ణి మాత్రం మళ్లీ నిచ్చెన ఎక్కనివ్వం. అందుకే, బుద్ధెరిగాక చుక్క ముట్టని ఆ మనిషి చిన్న సారా సీసా కొని, రోజూ కాలరు మీద చల్లుకుని వచ్చేవారు. పరువు పోయినా క్యాబిన్ దక్కితే చాలనుకున్నారు. ఇంట్లో వదినగారు కూడా ఆ వాసనే నమ్మి, మాట్లాడటం మానేశారు.

తూలుడుతో ఆగిందా? మరుపు మొదలైంది. ముందు పోయినవి పేర్లు కాదు, చోట్లు. టీ తాగి వచ్చి నిచ్చెన ఏ మూల ఉందో వెతుక్కునేవారు. ఒక మధ్యాహ్నం పలకల కట్ట గాలిలో వేలాడుతోంది, కింద బావమరిది ఉన్నాడు. ఆ కట్టను ఏ వరుసలో దించాలో, అసలు తాను ఎటు తిరిగి కూర్చున్నారో ఆయనకు తెలియకుండా పోయింది. చెయ్యి మీట మీదే ఉంది. అలవాటుకొద్దీ ఎటో ఒకవైపు జరిపేయవచ్చు. ఆయన క్రేను ఆపేసి, హారను మీద అరచెయ్యి మోపి, ఇక తియ్యలేదు.

బావమరిది పైకెక్కాడు. కాలరు వాసన తగిలింది.

"నేను కిందున్నప్పుడు కూడా తాగాలా బావా?"

"తాగలేదురా. దీన్ని ఎక్కడ దించాలో గుర్తు రావట్లేదు. నన్ను కిందికి తీసుకుపో."

ఆ కట్టను వేరే ఆపరేటరు దించాడు. గద్దన్న మళ్లీ ఆ నిచ్చెన ఎక్కలేదు.

తల ఎటు తిరిగిందో, ఒళ్లు ఎటు వంగిందో లోపలి చెవి క్షణక్షణం మెదడుకు కబురంపుతుందని చెవి డాక్టరు విడమర్చి చెప్పారట. చోట్లు గుర్తుంచుకునే భాగానికి ఆ కబురే ఆధారం. అది ఆగిపోతే ఆ భాగం చిక్కిపోవచ్చు. మెదడు కణాలు మాట్లాడుకునే రసాయనాలు కూడా మారుతున్నట్టు జంతువుల్లో చూశారు, మనుషుల్లో ఎంతవరకో ఇంకా తేలాలి. మొదట్లోనే వచ్చి ఉంటే నిలకడకు వ్యాయామాలు నేర్పి కొంతైనా నిలబెట్టేవాళ్లమని కూడా అన్నారు. ఆ మొదటి నెలలన్నీ సీసా వాసన కింద పోయాయి.

అంతా విన్నాక వదినగారు ఒక్క మాటే అన్నారు.

"తాగి ఉంటే బాగుండేది. మాన్పించుకునేదాన్ని."

కర్తవ్యమే ప్రాణంగా బతికి, తన క్యాబిన్ కన్నా కిందివాడి ప్రాణమే మిన్న అని నిరూపించి విరమిస్తున్న గద్దన్నగారు, వదినగారి చెయ్యి పట్టుకుని ఆయురారోగ్యాలతో చాలాకాలం నడవాలని కోరుకుంటున్నాం. వీధిలో ఆయన కనిపిస్తే వెలుగులో ఎదురుగా నిలబడి, మీరెవరో, ఆయన ఎక్కడున్నారో చెప్పండి. తర్వాత చెయ్యి పైకెత్తండి. అదొక్కటీ ఆయన మరచిపోలేదు.

ఈ కథ మీ దగ్గరే ఉంచుకోకండి, నలుగురికీ పంపండి. ఎక్కడో ఎవరో తూలుతుంటారు, పక్కవాళ్లు నవ్వుతుంటారు. వాళ్లకు చేరాలి.