గోధుమరంగు పట్టని ఫొటో

మార్చి పదో తారీఖున మాడిన రొట్టె ముక్కలతో, చల్లారిన టీతో భోజనం అయిందనిపించి, తండ్రీ కూతురూ సాయంత్రం ఫొటోలు కడిగే డార్క్‌రూమ్‌లో మందు ట్రేల మీదికి వంగారు.

“నాన్నా, ఫొటోలో అమ్మ ఏదీ? మేడ కూడా లేదు. తెల్లకాగితమే మిగిలింది!”

“కంగారుపడకు తల్లీ. మొదటి మందు బొమ్మను చెరిపేస్తుంది, రెండోది గోధుమరంగులో తిరిగి తెస్తుంది. నిరుడు కొండల ఫొటోలు ఎంత బాగా వచ్చాయి!”

“రెండోదాంట్లో వేసి పావుగంటయింది. దీని నెగటివ్ ఉందా?”

“చెమ్మకి పాడైంది. అమ్మ మేడ కిటికీలో నిలబడ్డ ఫొటో ఇదొక్కటే.”

“ఉన్న ఒక్కదాని మీదా ప్రయోగం? కొండలూ గుట్టలూ అయిపోయాయా?”

“నలుపులో మీ అమ్మకి చలేస్తున్నట్టు అనిపించిందే.”

కూతురు ట్రే వాసన చూసింది.

“ఈ మందు కుళ్లిన గుడ్ల కంపు కొట్టాలి కదా? అమ్మ ముక్కు మూసుకుని తిట్టిపోసేది. ఇదేంటి, మంచినీళ్లలా ఉంది?”

ఆయన సీసా ఎత్తి చూశాడు.

“నిరుటి సీసా. మందు చచ్చిపోయింది. మీ అమ్మని రెండోసారి పోగొట్టుకున్నాను తల్లీ.”

“ఏడవకండి. కడిగి, బొమ్మ తేల్చే మామూలు డెవలపర్‌లో వేస్తే?”

“వస్తే నలుపులోనే వస్తుంది. అసలు వస్తుందో రాదో.”

“రానివ్వండి. చలేస్తే వేస్తుంది.”

ఆమే కడిగి వేసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

“మేడ వచ్చింది... కిటికీ... చెయ్యి వచ్చింది నాన్నా!”

“ముఖం?”

“ముఖం మొదటినుంచీ నీడలోనే ఉంది కదా. అమ్మే, చూడండి.”

ఆయన చాలాసేపు చూశాడు. ఫొటోని నీళ్లలో ఉంచి, లైటు ఆర్పి, లోపల ఎవరో అప్పుడే నిద్రపోయినట్టు, చప్పుడు కాకుండా ఆ రాత్రికి తలుపు వేశాడు.