తోంగ్ బాబాయి అర్జీలు

ఏమే రుయీ, నిన్న మన కొత్తింటికి శాంతి చేసిన అయ్యగారు మూడోసారి పంది మాంసం వడ్డించుకుంటుంటే అట్లా నోరు తెరుచుకుని చూశావేంటే? ఆయన గమనించలేదులే గానీ నేను చూశాను. ఆఁ? సన్యాసి మాంసం తినొచ్చా అనా? ఓసి పిచ్చిమొద్దూ, ఆయన సన్యాసని ఎవరు చెప్పారు నీకు? ఆయనకి పెళ్ళాం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, మొన్నీమధ్య మోటారు సైకిలు కూడా కొన్నాడు. కొండమీద గుడిలో జుట్టు నడినెత్తిన ముడేసుకుని కూర్చుంటారే, సన్యాసులు వాళ్ళు. ఇల్లొదిలేసిన శాఖ. మనూరి అయ్యవార్లది ఇల్లున్న శాఖ. దేవుళ్ళు వాళ్ళే, తావో అదే. తావో అంటే దారేగా. ఒకళ్ళు ఆ దారిని కళ్ళు మూసుకుని కడుపులో వెతుక్కుంటారు, ఇంకొకళ్ళు జనం వాకిళ్ళలో తొక్కుతారు. ఈ మాట నాది కాదు, తోంగ్ బాబాయిది. ఆ తామర గింజలు సరిగ్గా ఒలువు, లోపల పచ్చమొలక ఉండిపోతే పాయసమంతా చేదు.

తోంగ్ బాబాయిని నువ్వెక్కడ చూస్తావులే, మీ నాన్న పుట్టకముందు మనిషి. పొట్టివాడు, గుండ్రంగా ఆవిరి రొట్టెలా ఉండేవాడు. ఆయన వెనక కంచు పళ్ళెం కొట్టేవాణ్ణి నేను. చావైనా, ఇంటి శాంతైనా, చంటిదానికి దిష్టైనా ముందు ఆయన నడిచేవాడు, వెనక నేను, నా వెనక సన్నాయివాడు. పసుపు కాయితం మీద ఎర్రసిరాతో ఏదో గిలికి, కాల్చి, బూడిద నీళ్ళలో కలిపి తాగించేవాడు. తగ్గేదా అంటే, ఏమో, సగం మందికి తగ్గేది. మిగతా సగానికి బాబాయి, "నమ్మకం చాల్లేదు, ఇంకోటి తాగు" అనేవాడు. కానీ ఆయన అసలు విద్య అర్జీలు రాయడం. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పేవాడు. "ఒరే చువాన్, పైన కూడా ఆఫీసులేరా. ఆకాశం చూసే అధికారి ఒకడు, భూమి చూసే అధికారి ఒకడు, నీళ్ళు చూసే అధికారి ఒకడు. మనిషి పోతే ఊరికే పోనియ్యరు, కాయితం ఉండాలి. ఫలానా ఊరు, ఫలానా వయసు, చేసిన తప్పులు ఇవి, మన్నించి లోపలికి రానివ్వ ప్రార్థన. కింద ముద్ర. ముద్ర లేని కాయితం గుమ్మంలోనే తిప్పి కొడతారు. నేనెవర్నంటావా? పై ఆఫీసువాళ్ళు కింద పెట్టిన గుమాస్తాని." అర్జీ చదివాక, ఆకాశంలో ఏడు చుక్కల గరిట ఉంటుంది చూడు, ఆ చుక్కల వరసలో ఒక కాలు ఈడుస్తూ ఏడడుగులు నడిచేవాడు. అట్లా నడిస్తే పైకి వెళ్ళినట్టేనట. ఆ పొట్ట వేసుకుని ఎంత పైకి వెళ్ళేవాడో ఆ దేవుడికే తెలియాలి.

ఇక కొండమీద చెంగ్‌సూ స్వామి. ఇల్లొదిలిన శాఖ. మనిషి వెదురుబద్దలా ఉండేవాడు. మాంసం లేదు, సారా లేదు, ఉల్లి కూడా లేదు. పొద్దస్తమానం కూర్చుని ఊపిరి లోపలికి లాగి, బొడ్డు కింద పొయ్యి పెట్టినట్టు దాన్ని కాచి కాచి, లోపల ఒక పసిబిడ్డని తయారు చేస్తాడట. ఆ బిడ్డకి చావుండదట. నవ్వకే, నిజం! మన ఒంట్లో మూడు పురుగులుంటాయట. అవి రెండు నెలలకోసారి పైకి పోయి మన తప్పులన్నీ చెప్పొస్తాయట. ఆ పురుగుల్ని మాడ్చడానికి స్వామి అన్నం కూడా మానేసి, పైన్ గింజలు నమిలేవాడు. బాబాయి ఊరుకుంటాడా? సంతలో ఎదురుపడితే చాలు, "ఏం స్వామీ, ఎన్నో నెల? కాన్పు ఎప్పుడు?" అని కేకేసేవాడు. స్వామి కోపం తెచ్చుకోకూడదు కదా, కళ్ళు దించుకుని, "మీ పురుగులు పైకి పోయి ఏం చెబుతాయో చూసుకోండి తోంగుగారూ" అనేవాడు. బాబాయి పొట్ట నిమురుకుని, "నావాటికి పందికొవ్వు పెడతాను స్వామీ. తిని మత్తుగా పడుంటాయి. చాడీలు చెప్పే ఓపికెక్కడిది!" సంతంతా ఒకటే నవ్వు.

ఆ తర్వాత నీకు తెలిసిందేగా, మూఢనమ్మకాలంటూ సర్కారువాళ్ళు గుళ్ళు మూసేసి పుస్తకాలు తగలబెట్టిన రోజులు. పొలం పనికి ఊరివాళ్ళని దళాలుగా విడగొట్టారు, మా దళానికి పెద్ద రువాన్ అని. గొంతు పెద్దది, మనసు చెడ్డదేం కాదు. బాబాయి ఇంట్లో నాలుగు తరాల పుస్తకాలు, అంగీ, ముద్ర అన్నీ వాకిట్లో పోసి నిప్పెట్టింది అతనే. కొండమీది నుంచి స్వామిని దించి, జుట్టు ముడి కత్తిరించి మా దళంలో పడేశారు. రువాన్‌కి ఏ బుద్ధి పుట్టిందో, ఈ ఇద్దర్నీ కలిపి పొలానికి పెంట మొయ్యమన్నాడు. ఒక కావడి, మధ్యన కుండ. ముందు పొడుగాయన, వెనక పొట్టాయన. కుండ వెనక్కి జారుతుందా లేదా? జారుతుంది. బాబాయి ముక్కు కిందకొస్తుంది. "స్వామీ, కాస్త వంగి నడు!" అంటాడు ఈయన. "అన్నీ పల్లానికే పోతాయి తోంగుగారూ, నీళ్ళని చూసి నేర్చుకోవాలి, ఎదురు తిరగకూడదు" అంటాడు ఆయన. "ఇవి నీళ్ళు కావయ్యా!" రెండేళ్ళు ఇట్లాగే మోశారు. తిట్టుకోని రోజు లేదు. అయితే ఒకటి చూశాను నేను. మొదటి ఆర్నెల్లు పోయాక, స్వామి మోకాళ్ళు వంచి నడవడం మొదలుపెట్టాడు.

అప్పుడే రువాన్ తల్లికి జబ్బు చేసింది. ఎనభై ఏళ్ళ ముసలమ్మ. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు ఎంత బతిమాలినా ఒకటే మాట. "ఒరే, పక్క జిల్లాకి పోవాలన్నా మీ ఆఫీసు కాయితం లేకపోతే బస్సు దింపేస్తున్నారే! అంత దూరం నన్ను కాయితం లేకుండా పంపుతావా? గుమ్మం బయట దిమ్మరిదానిలా నిలబడనా నేను? తోంగ్‌తో అర్జీ పెట్టిస్తానని చెప్పు, అప్పుడే గంజి తాగుతాను." రువాన్ ఏం చేస్తాడు పాపం. మిట్టమధ్యాహ్నం, మేం చెరువులో కుండలు కడుగుతుంటే వచ్చాడు. అటూ ఇటూ చూసి గొణిగాడు. బాబాయి చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటి కామ్రేడ్? గట్టిగా చెప్పండి, చెవుడొచ్చింది" అన్నాడు. మళ్ళీ చెప్పాడు. "అబ్బెబ్బే, అది మూఢనమ్మకం కామ్రేడ్! నేను మారిన మనిషిని. మారానని మీరే కదా రాయించి సంతకం పెట్టించారు?" అట్లా మూడుసార్లు అడిగించుకున్నాడే! రువాన్ చివరికి ఆ బురదలో మోకాళ్ళమీద కూర్చున్నాడు. అప్పుడు బాబాయి మొహం మారిపోయింది. "లే నాయనా, లే. మీ అమ్మ నా పెళ్ళికి చేపల పులుసు వండింది. వెళ్ళి గంజి తాగించు" అన్నాడు.

ఒప్పుకున్నాడా, మరి పుస్తకాలేవి? అడుగులు గుర్తున్నాయి, మొదలూ చివరా గుర్తున్నాయి, మధ్యలో చదవాల్సిన మంత్రం సగం పోయింది. అది ఎవరికొచ్చు? స్వామికి. చిన్నప్పటినుంచి కంఠతా పట్టిన మనిషి. బాబాయి రెండురోజులు మింగలేక కక్కలేక తిరిగి, చివరికి కావడి కింద నడుస్తూ అడిగాడు. స్వామి వెనక్కి తిరగలేదు. "చెబుతాను. కానీ క్రతువుకి ముందు మూడు రోజులు ఉపవాస నియమం ఉండాలి. మాంసం ముట్టకూడదు." "ఈ రోజుల్లో మాంసమెక్కడిది స్వామీ, ఏడాదికి రెండుసార్లు! సరే" అన్నాడు బాబాయి తేలిగ్గా. ముసలమ్మ తృప్తిగా గంజి తాగి, పదిరోజులుండి, శీతాకాలం చివర్లో నిద్రలో పోయింది. మర్నాడు ఏం జరిగిందనుకున్నావ్? కొత్త సంవత్సరం మాంసం పంచారు! బాబాయి వాటాకి కొవ్వున్న ముక్కొచ్చింది. పిన్ని వండింది. ఈయన పళ్ళెం ముందు కూర్చుని, ముక్కుతో వాసన పీల్చి, లేచి బయటికెళ్ళిపోయాడట. పిన్ని భయపడి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. "ఒరే చువాన్, మీ బాబాయి కూడా పోయేట్టున్నాడురా, కొవ్వు వద్దంటున్నాడు!"

ఇక మూడోరోజు సంగతి. పైకి మాత్రం సంతాప సభ. కాయితం పూలదండలు, బల్ల, వెనక నినాదాల గుడ్డ. నేను దళం వాళ్ళ ఊరేగింపు పళ్ళెం పట్టుకుని నిలబడ్డాను. బాబాయి ఉపన్యాసం చదువుతాడని చెప్పారు. కర్ర ముద్ర దొరికితే ముప్పని ముల్లంగి దుంప మీద చెక్కి చొక్కా చేతిలో దాచాడు. స్వామి ఓ మూల కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అంతా సిద్ధం. సరిగ్గా అప్పుడు జిల్లా నుంచి తనిఖీ ఆఫీసరు దిగాడు! చెరువు కట్ట చూడ్డానికొచ్చాడు, సభ అనగానే నేరుగా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. రువాన్ మొహం సున్నం కొట్టినట్టయింది. దొరికితే అందరం రాళ్ళ గనికే. నేను పళ్ళెం మోగకుండా పొట్టకి అదుముకున్నాను. బాబాయి ఆగుతాడనుకున్నాను. గొంతు సవరించుకుని మొదలెట్టాడే! "ఆకాశ శాఖ, భూమి శాఖ, నీటి శాఖ పై అధికారులకు మా దళం విన్నవించునది ఏమనగా..." ఆఫీసరు తలూపాడు. "ఎనభై ఏళ్ళు కష్టపడి, ఎవరి కూడూ లాక్కోక, తెలిసీ తెలియక చేసిన తప్పులను ఒప్పుకొను ఈ వృద్ధ శ్రామికురాలిని తమ శాఖలో చేర్చుకొన ప్రార్థన." ఇంకాస్త తలూపాడు. మధ్యలో మంత్రం తడబడితే మూలనుంచి స్వామి దగ్గేవాడు, దగ్గులోనే మాట అందించేవాడు. "ఆ నిద్రపోతున్నదెవరు?" అన్నాడు ఆఫీసరు. "పెంట మోసి అలిసిపోయాడండి, దగ్గు కూడాను" అన్నాను నేను.

చదవడం అయింది. ఆఫీసరు చెయ్యి చాపాడు. "కాయితం బాగా రాశారు. వాతావరణ శాఖకి, వ్యవసాయ శాఖకి, నీటిపారుదలకి ముగ్గురికీ పెట్టారన్నమాట. కానీ ముద్రేది?" చచ్చాం అనుకున్నాను. బాబాయి చొక్కాలోంచి ముల్లంగి తీసి కటుక్కున కొరికాడు. "ఏంటది తింటున్నావ్?" "అరుగుదలకండి" అని, దేవుడి ముద్రని అందరిముందూ కరకరా నమిలి మింగేశాడు. ఆఫీసరు విసుగ్గా రువాన్ వైపు తిరిగి, "నీ జేబులో దళం ముద్ర లేదూ? వెయ్యి!" అన్నాడు. రువాన్ వేశాడే అమ్మడూ. పుస్తకాలు తగలబెట్టమన్న కాయితం మీద వేసిన ఆ ముద్రే తల్లి అర్జీ మీద వేశాడు. ముసలమ్మ సర్కారు ముద్రతో పోయింది పైకి! తర్వాత అర్జీ పైకి చేరాలంటే దాన్ని కాల్చాలిగా. "ఎందుకు కాల్చడం?" అంటే బాబాయి గొంతు తగ్గించి, "రహస్య పత్రం కామ్రేడ్. పైకి చేరాక కింద మిగలకూడదు" అన్నాడు. రహస్యం అనేసరికి ఆఫీసరు ఇంకేం అడగలేదు. తనే అగ్గిపెట్టె తీసిచ్చాడు. అడుగులు నడుస్తుంటే, "కాలికేమైంది?" అన్నాడు. "వాతమండి." ఏడు చుక్కలూ వాతంతోనే తొక్కేశాడు మహానుభావుడు. నేను పళ్ళెం కొట్టాను. అంత బాగా మళ్ళీ ఎప్పుడూ కొట్టలేదు.

ఆఫీసరికి తెలియలేదంటావా? ఏమోనే. వెళ్ళేటప్పుడు వెనక్కొచ్చి, బాబాయి భుజం దగ్గర వంగి చిన్నగా అడిగాడు. "ఆ నీటి శాఖలో... పాత కేసులు కూడా తీసుకుంటారా? మా నాన్న వరదలో పోయాడు." బాబాయి వేళాకోళం ఆడలేదు. "పేరు చెప్పండి" అన్నాడు.

తర్వాత రోజులు మారాయి, గుళ్ళు తెరిచారు. స్వామి మళ్ళీ జుట్టు పెంచుకుని కొండెక్కాడు. బాబాయి మాత్రం ఆ ఏడే ఒక పెళ్ళిభోజనంలో, ముక్క నోట్లో ఉండగానే, ఎవరిమీదో పరాచికమాడుతూ ఒరిగిపోయాడు. పిల్లల్లేరు. ఊరందరికీ అర్జీలు పెట్టినవాడికి అర్జీ రాసేవాడు చుట్టుపక్కల మిగల్లేదు. కబురు పంపకుండానే స్వామి కొండ దిగొచ్చాడు. "నేను చేస్తాను" అన్నాడు. ఆయన శాఖలో వాళ్ళు చేసే పద్ధతి వేరు, మా ఊరి అడుగులు ఆయనకి రావు. మరెవరు నేర్పారనుకున్నావ్? పిన్ని! నలభై ఏళ్ళు చూసి చూసి ఆవిడకి వచ్చేసింది. ఒక పగలంతా వంటింట్లో గరిట పట్టుకుని ఆయన్ని నడిపించింది. కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా తిట్లు. "ఎడమకాలు! ఎడమకాలయ్యా కొండమేకా! మా ఆయన్ని తిన్నగా పంపుతావా, పక్క ఊరికి పంపుతావా?" ఆయన తలొంచుకుని, "ఇట్లాగా అమ్మా? ఇట్లాగా?" అంటూ నడిచాడు.

అర్జీ కూడా తనే రాశాడు. నేను కాయితం అంచు పట్టుకుని నిలబడ్డాను. నాకప్పటికి నాలుగక్షరాలు వచ్చు. అందులో ఒక గడి ఉంటుంది, పంపేవాడు పోయినవాడికి ఏమవుతాడు అని. ఇల్లొదిలిన మనిషి కదా, ఎవరికీ ఏమీ కాడు. ఆ గడి ఖాళీగా వదిలేస్తాడనుకున్నాను. కుంచె చాలాసేపు పైనే ఆగింది. తర్వాత రాశాడు. తమ్ముడు అని.

...

ఆఁ? ఏం లేదు. ఆ బుట్ట ఇటు జరుపు. మీ నాయనమ్మ పిలుస్తోంది చూడు.