తుడిచేసిన చుక్క

ఇలా దగ్గరికి జరగండి, ఒక అక్కాతమ్ముళ్ల పోట్లాట చెబుతాను. అక్క పదహారు ముక్కలుగా తీసిన ఆకాశం ఫొటోలను తమ్ముడు కంప్యూటర్‌లో బొంత కుట్టినట్టు అంచు మీద అంచు వేసి కలిపి, ఒకే బొమ్మ చేసి అచ్చుకు పంపాడు. మర్నాడు పొద్దున్నే అక్క అతని గదిలోకి విసురుగా వచ్చింది.

“ఏడో ముక్క అంచున నేను చూసిన చుక్క ఏదిరా?”

“అదా? మచ్చక్కా. ఆరో ముక్కలో అదే చోట లేదు. రెండూ కలిసే దగ్గర తేడా కొడుతుంటే తుడిచేశాను.”

“ఆరోది సోమవారం తీశాను, ఏడోది శుక్రవారం. మధ్యలో కొత్త నక్షత్రం వెలిగిందిరా, మొద్దూ! శనివారం తామే మొదట చూశామని ఇవాళ ఎవరో చాటుకుంటున్నారు. నాకు ఒకరోజు ముందే దొరికింది. నువ్వేమో తుడిచి పారేశావు!”

“నాకేమైనా కలొచ్చిందా? అతుకు కనబడకూడదని నా ప్రాణం తీసింది నువ్వేగా!”

ఆ మాట అక్కకు సూటిగా తగిలింది. అన్నది తనే. అయినా కోపం దిగలేదు.

“అతుకు దాచమన్నాను గానీ ఆకాశాన్ని దిద్దమన్నానా? అసలు ఫైలుందా, అదీ ఊడ్చేశావా?”

“ఉంది. కానీ చుక్క ఉంచాలంటే అక్కడ రెండు ముక్కల్నీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయేలా చెయ్యకూడదు, పక్కపక్కన పెట్టాలంతే. అతుకు గీతలా కనబడుతుంది. అందరూ నవ్వుతారు.”

“నవ్వనీ. ముందు ఫోన్ చెయ్యి.”

తమ్ముడు మూతి ముడుచుకునే అచ్చాఫీసుకు ఫోన్ చేశాడు. “అన్నా, మెషిన్ ఆపండి. మా అక్క చుక్క ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.”

ఆ బొమ్మలో అతుకు ఇప్పటికీ కనబడుతుంది. దాన్ని చూసి ఎవరైనా వంక పెడితే, మరిచిపోకుండా ఈ సంగతి చెప్పండి.