ఇస్త్రీ చేసిన కుక్క

మూడో అంతస్తులో కుట్టుపని చేసుకునే మొగుడూ పెళ్ళాల ముందుగది. మధ్యాహ్నం. కుక్కల షెల్టరువాళ్ళు కాపాడి తెచ్చి, కొన్నాళ్ళు ఉంచుకోమని అప్పజెప్పిన కుక్కని ఏడు నెలలుగా సాకుతూ, దానికో ఇల్లు వెతికి పెట్టలేక అలిసిపోయి ఉన్నారు ఇద్దరూ. ఇవాళ మిషను గోడవారకి జరిపి, ఉతికిన దుప్పటి మీద దాన్ని పడుకోబెట్టారు. నచ్చితే పెంచుకుందామని చూడ్డానికి వచ్చిన లిఫ్టు మెకానిక్కు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇంటావిడ కొలతల టేపు మెడలో వేసుకుని నిలబడే ఉంది. భర్త వంటగదిలో ఉన్నాడు.

“అంటే, మనుషుల్ని చూస్తే మీదికి దూకడం లాంటివి?”

“అబ్బే, దూకడమా? ఆ మాటే తెలీదండీ దీనికి. చూస్తున్నారుగా, మీరొచ్చి పావుగంటైంది, చెవైనా కదిపిందా?”

“కదపలేదు.”

“కదపదు. పెట్టింది తిని ఓ మూల పడుంటుంది. ఇంట్లో కుక్కుందన్న సంగతి మేమే మర్చిపోతాం అన్నయ్యగారూ.”

“వయసెంతన్నారు?”

“రెండేళ్ళు. రెండు, రెండున్నర.”

“రెండేళ్ళకే ఇంత... సరే. పేరేంటి?”

“బొంగ... బంగారం.”

“బొంగ?”

“బంగారం. బంగారం అండీ. పొద్దుట్నుంచి గుండీలు కుడుతున్నా, సూది పంటితో పట్టుకుని పట్టుకుని నోరు తిరగడం లేదు. మంచినీళ్ళు తాగుతారా? లిఫ్టులు బాగుచేసే మనిషిని లిఫ్టు లేని ఇంటికి ఎక్కించాం, పాపం.”

“పర్లేదమ్మా. నాకు మెట్లే ఇష్టం, లిఫ్టులో ఏముంటుందో తెలిసినవాణ్ణి కదా. బయటికి తీసుకెళ్తే లాగుతుందా?”

“లాగడమా? మనమే దీన్ని లాక్కెళ్ళాలి.”

“పరిగెత్తదా?”

“ఎందుకు పరిగెత్తుతుంది, వెనకెవరన్నా తరుముతున్నారా?”

“బంతి విసిరితే?”

“బంతి వంక చూస్తుంది, మన వంక చూస్తుంది. నువ్వే విసిరావుగా, నువ్వే తెచ్చుకో అన్నట్టు. పద్ధతైన కుక్కండీ. మా అత్తగారుంటే మెచ్చుకునేది, ఆవిడ జన్మలో ఎవర్నీ మెచ్చుకోలేదు.”

“పొద్దున్నే లేపదా మరి? మంచమెక్కి, దుప్పటి లాగి... కొన్ని చేస్తాయంటారు.”

“చేస్తాయి, కొన్ని చేస్తాయి. పెంపకం లేనివి. ఇది మాత్రం మీరు పదింటిదాకా పడుకున్నా కిక్కురుమనదు. మీ పక్కనే అదీ పడుకుంటుంది. రోజంతా అయినా సరే.”

“రోజంతానా.”

“రోజంతా. ఇంతకీ మీ ఇంట్లో ఎవరెవరుంటారన్నారు?”

“నేనూ, మా అమ్మాయీ.”

“చదువుకుంటోందా?”

“చదివేది.”

“ఇద్దరే. గోలా గొడవా లేని ఇల్లు. అలాంటి ఇల్లే కావాలండీ దీనికి. దీనికీ గొడవ పడదు.”

“ఊఁ.”

“ముట్టుకుని చూడండి, పర్లేదు. ఏమనదు.”

“ఏమనదని తెలుస్తూనే ఉందమ్మా. జబ్బేమన్నా చేసిందా దీనికి?”

“జబ్బా? నిక్షేపంలా ఉంది. డాక్టరు కాగితాలన్నీ ఉన్నాయి, వేయించాల్సిన సూదులన్నీ వేయించాం. ఏవండీ, ఆ కాగితాలు తెండి.”

“తెస్తున్నా, తెస్తున్నా. ఎక్కడ పెట్టావో ఏమో...”

“నిదానంగా వెతకండమ్మా. నాకేదో ఫోనొస్తోంది. ఒక్క నిమిషం, మెట్ల దగ్గర మాట్లాడొస్తాను.”

“అలాగే అన్నయ్యగారూ, మాట్లాడుకోండి.”

మెకానిక్కు బయటికి వెళ్ళాడు. ఆవిడ గబగబా వంటగదిలోకి వచ్చింది. భర్త అక్కడ స్టూలు మీద కదలకుండా కూర్చుని ఉన్నాడు.

“కాగితాలేవి?”

“నా కింద ఉన్నాయి. మొదటి కాగితంలోనే ‘మహా చురుకైనది, పెద్ద దొడ్డి ఉన్న ఇల్లయితే మేలు’ అని రాశాడే ఆ డాక్టరు. అందుకే వాటి మీద కూర్చున్నా.”

“ఇన్నాళ్ళకి ఓ మంచి పని చేశారు. ఎంత వేశారు?”

“ఏం ఎంత?”

“మాత్రండీ, మాత్ర. చెవి పట్టుకు లేపినా లేచేట్టు లేదు. ఊపిరాడుతోందో లేదోనని రెండుసార్లు చూశాను, ఆయన చూడకుండా.”

“ఆడుతోంది, నేనూ చూశా. బండెక్కించేటప్పుడు సగం వెయ్యమన్నాడు డాక్టరు.”

“సగమేశారా మరి?”

“సగమే వేశా. అరగంటాగి చూస్తే నా చెప్పు నోట కరుచుకుని గది చుట్టూ గిర్రున తిరుగుతోంది. దాంతో...”

“దాంతో?”

“మిగతా సగం వేశా.”

“ఒకటి. అంతేనా?”

“ఇంకో సగం కూడా. నా మీద అరవకు, వెయ్యమన్నది నువ్వే.”

“ఒకటిన్నర వెయ్యమన్నానా? కాస్త నెమ్మదిగా కనబడేట్టు చెయ్యండి అన్నాను.”

“ఇస్త్రీ చెయ్యకుండా చిన్న నిక్కరు కూడా ఇవ్వం, కుక్కని మాత్రం నలిగినట్టు ఎందుకివ్వాలి అన్నదెవరు? నేనా?”

“అన్నాను. అనక ఏం చెయ్యను? నిజం చెప్పి చూశాంగా. పదిహేడు మందికి చెప్పాను నిజం. ‘కాస్త హుషారెక్కువండీ’ అన్నానో లేదో ఫోను పెట్టేసేవాళ్ళు.”

“అందరూ పెట్టెయ్యలేదుగా. ముగ్గురు తీసుకెళ్ళారు.”

“ముగ్గురూ తెచ్చి దించేశారు. సోఫా తినేసిందని ఒకరు. గోడ దూకి పక్కింటివాళ్ళ స్నానాలగదిలో తేలిందని ఒకరు. ఆ పెద్దావిడ చెయ్యి విరిగిందని ఒకరు. ఆవిడ్ని తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముద్ద దిగదు.”

“ఈయనకైనా చెప్పేద్దామే. మంచివాడిలా ఉన్నాడు.”

“రేపు పొద్దున్న షెల్టరు బండొస్తుంది దీన్ని తీసుకుపోడానికి, గుర్తుందా మీకు? పది రోజులుంచుకోండి చాలు అని ఆ షెల్టరు పిల్ల బతిమాలి ఇచ్చింది. ఏడు నెలలుంచాం. మూడుసార్లు తిరిగొచ్చిన కుక్కని ఇంకెవరికీ చూపించరట. వెనకవైపు బోనులో వేస్తారట. నాలుగడుగుల బోను. వెళ్ళి చూసొచ్చాను నేను. అందులో మన బొంగరాన్ని ఊహించుకోండి.”

“ఊహించుకోలేకే కదా మాత్రేసింది.”

“ఇంటి ఓనరు చూస్తే, కుక్కా మీరా తేల్చుకోండి అని కూర్చున్నాడు. లేకపోతే మనమే...”

“మనమే ఉంచుకుందామని నేననలేదు.”

“మీరనలేదు. నేనన్నాను. నిద్రలో కూడా అన్నానని మీరే చెప్పారు.”

“సరేలే, ఏడవకు. ఆయనేమంటున్నాడు?”

“ఊఁ అంటున్నాడు. తీసుకునేట్టే ఉన్నాడు. నేను ఒక్కో మంచి గుణం చెప్తుంటే ఇంకా ఇంకా మెత్తబడిపోతున్నాడు. సాయంత్రం అది కళ్ళు తెరిచేసరికి వాళ్ళింట్లో ఉంటుంది. ఆపైన దాని అదృష్టం. ముందు కాస్త ప్రేమ పుట్టిందంటే, సోఫా తిన్నా ఊరుకుంటారు.”

“అబద్ధమాడినా అతికినట్టుండాలే.”

“ఇరవయ్యేళ్ళుగా గుడ్డలతుకుతున్నదాన్ని, నాకా చెప్తారు? కుట్టు కనబడనివ్వను. పదండి. ఆ మొహం మార్చుకుని రండి.”

వాళ్ళు తిరిగొచ్చేసరికి మెకానిక్కు కుర్చీలో లేడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని నిలబడ్డాడు. కుక్క పడుకున్నచోటే పడుకుని ఉంది.

“అయ్యో, లేచారేంటి అన్నయ్యగారూ? కాగితాలు దొరికాయి, కూర్చోండి.”

“వెళ్ళొస్తానమ్మా. మీకు శ్రమ ఇచ్చాను.”

“వెళ్ళడమేంటి? మరి కుక్క?”

“వద్దులెండి.”

“వద్దా? ఎందుకండీ? ఏం లోపం కనబడింది దీంట్లో? ఊరంతా గాలించండి, ఇంత నెమ్మదైన కుక్క...”

“అదేనమ్మా. మరీ నెమ్మది.”

“ఆఁ?”

“నాకు అల్లరి కుక్క కావాలి. మొదటే చెప్పాల్సింది, చెప్పుకోవడం నాకు చేతకాదు. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలైంది. అప్పట్నుంచి మా పిల్ల మంచం దిగదు. కిటికీ తియ్యనివ్వదు. కాలేజీ మానేసింది, స్నేహితులొస్తే గోడవైపు తిరుగుతుంది. పొద్దున్న పనికెళ్తూ పలకరిస్తాను, తిరిగొచ్చి పలకరిస్తాను, అటే తిరిగి పడుకుని ఉంటుంది. నీ మాట వినని పిల్ల కుక్క మాటన్నా వింటుందేమో, గొడవ చేసేదాన్ని తెచ్చి మంచం మీదికి వదిలి చూడు అన్నాడు డాక్టరు. దుప్పటి లాగేది కావాలమ్మా నాకు. పక్కనే పడుకునేది కాదు. లేపినా లేవనివాళ్ళు మా ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు.”

“ఏవండీ.”

“వింటున్నా.”

“అన్నయ్యగారూ, చెప్పులు విప్పండి. కూర్చోండి. ఇది లాగుతుంది. దుప్పటేంటి, పరుపు లాగుతుంది.”

“ఊరుకోండమ్మా. ఇందాకే కదా మీరు...”

“ఇందాక చెప్పిందంతా అబద్ధం. పేరు బంగారం కాదు, బొంగరం. ఒక్కచోట నిలవదని మేమే పెట్టాం. తెల్లారి ఐదయ్యేసరికి ఈయన గుండెల మీదెక్కి కూర్చుంటుంది.”

“నిజం సార్. ఏడు నెలల్లో నేను ఒక్కరోజు అలారం పెట్టుకోలేదు.”

“నాకు అల్లరిది కావాలన్నానని ఇప్పుడు అల్లరిదంటున్నారు. గుర్రం కావాలంటే గుర్రమే అంటారు. నాకు కోపమేం లేదమ్మా. మీ అవసరం మీది.”

“ఈ పరదా తీసి తలుపు చూడండి. అడుగున చూడండి. ఇదంతా పళ్ళతో కొరికింది కాకపోతే ఏంటి, చెదలా? ఈ మిషను బల్ల కాలు చూడండి. ఏవండీ, మీ మోచెయ్యి చూపించండి.”

“ఇదిగోండి సార్. పిల్లిని చూసి మెట్ల మీద ఈడ్చుకుపోయింది. అది పిల్లి కూడా కాదు, ఎవరిదో సంచీ.”

“నలభై యూనిఫారాలు కుట్టి మడతపెట్టి, గుండీల కోసం అంగడికెళ్ళొచ్చేసరికి ముప్ఫై ఆరు మిగిలాయి. ఆగండి, ఫోన్లో వీడియో ఉంది. ఎవరికీ చూపించకూడదని దాచాను. ఇదిగో. ఆ గాల్లో ఉన్నది ఇదే.”

“ఇదేనా?”

“చెవి మీద తెల్లమచ్చ చూడండి. ఇక్కడ పడుకున్నదానికి చూడండి. అదే మచ్చ, అదే చెవి.”

“ఎంత ఎత్తెగిరింది.”

“ఇంకా ఎగురుతుంది. మీకిష్టమైతే బీరువా మీద కూర్చుంటుంది. దీన్ని భరించలేక అందరూ వెనక్కిచ్చారు అన్నయ్యగారూ, ఇలాంటిదే కావాలని అడిగినవాళ్ళు ఇన్నాళ్ళకి మీరొక్కరే.”

“మరి ఇప్పుడెందుకిలా ఉంది?”

“అదీ... ఏవండీ, మీరు చెప్పండి.”

“మాత్ర వేశాం సార్. నేనే వేశాను. నెమ్మదిగా ఉంటే తీసుకుంటారని.”

“ఈయన్ని కాదు, నన్ననండి. బట్టలు కుట్టేవాళ్ళం, ఇస్త్రీ చెయ్యకుండా దేన్నీ చేతికివ్వం. ఎక్కడన్నా ముడత కనబడితే మీరు వద్దంటారనుకున్నాను. అంతే అన్నయ్యగారూ, ఇంకే దురుద్దేశం లేదు. నోరులేనిదానికి మందు పెట్టడం తప్పే. తిట్టండి, పడతాను. కానీ దాన్ని వదిలేసి వెళ్ళకండి. రేపు పొద్దున్న బోనులో పెట్టేస్తారు దాన్ని. నడిచే చోటు కూడా లేదందులో.”

“తిట్టనమ్మా. నమ్మాను. ఇలాంటి కుక్క కోసమే నేను నెలరోజుల్నుంచి తిరుగుతున్నాను.”

“మరింకేం? సాయంత్రానికి లేస్తుంది. ఆరింటికి రండి. మీరు రానక్కర్లేదు, మేమే మీ ఇంటికి తెచ్చి దింపుతాం. తలుపు తియ్యగానే సరాసరి మీ అమ్మాయి మంచం మీదికి...”

“వద్దమ్మా. ఇంక ఏ కుక్కనీ ఇంటికి తేనని మాటిచ్చాను.”

“మాటా? ఎవరికి?”

“మా పిల్లకి.”

“ఎప్పుడిచ్చారు సార్?”

“ఇప్పుడే. మీరు లోపల కాగితాలు వెతుకుతున్నప్పుడు.”

“ఆ పిల్లకి తెలీదండీ, పాపం. దీన్ని చూడందే అలా అంటే ఎలా? ఒక్కసారి చూస్తే...”

“చూసింది. కింద బండిలో కూర్చోబెట్టి వచ్చాను. నిన్ను చూడగానే మీదపడి మొహమంతా నాకేస్తుంది చూడు అని వారం రోజులు ఆశపెట్టి తీసుకొచ్చాను. ఇందాక ఫోను తనదే. ఎంతసేపు నాన్నా, నేనే పైకొస్తున్నా అంది. ఎనిమిది నెలల తర్వాత ఇవాళే గుమ్మం దాటిన పిల్ల, మెట్లన్నీ తనే ఎక్కొచ్చింది. మీ కుక్క పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పిలిచింది. మళ్ళీ పిలిచింది. తర్వాత కాసేపు తల నిమురుతూ ఉండిపోయింది. నేను లేపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేసి, ‘దీనికీ లేవాలని లేదు నాన్నా, నన్ను వేధించినట్టు దీన్నీ వేధించకు, పడుకోనీ’ అని, ఇంక ఏ కుక్కనీ తేనని నా చేత మాట తీసుకుని దిగి వెళ్ళిపోయింది.”